నడుం కింద సున్నం

మా కంకరబోడులో గోడలకు నడుం కింద సున్నం ఉండదు.

కొత్తగా వచ్చినవాళ్ళు ఇదేదో ఆచారమనుకుంటారు. ఆచారమూ కాదు, గాడిదగుడ్డూ కాదు. వంగితే కదా కింద వేసేది! నిలబడి చెయ్యి ఆడినంత మేర తెల్లగా కొడతాం, ఆ కింద మట్టి మట్టిగానే ఉంటుంది. మా బోరునీళ్ళలో ఫ్లోరైడు ఉంది. అది ముందు పళ్ళను పట్టి గారచేస్తుంది, తర్వాత ఎముకల్లో చేరుతుంది, నలభై దాటేసరికి వెన్నును రోకలిబండ చేసి నిలబెడుతుంది. పక్కింటివాడు పిలిస్తే తల తిప్పలేం, మొత్తం మనిషే తిరగాలి. పెళ్ళిళ్ళలో కింద కూర్చొని తినే బంతి మా ఊళ్ళో లేదు. చెంచా జారిపడితే పిల్లల్ని కేకేస్తాం.

నదినీళ్ళ పైపు రాలేదా అంటారేమో. వచ్చింది. ఎండలు ముదిరితే ఆ పైపులో గాలి వస్తుంది. అప్పుడు మళ్ళీ బోరే దిక్కు.

నా పేరు ఆండాలు. ఏడో తరగతిలో బడి మానేశాను కానీ చదువు మానలేదు. నీళ్ళ గురించి దొరికిన కాగితమల్లా చదివాను, అర్థం కానిది అర్థమయ్యేదాకా అడిగాను, చెప్పనివాణ్ణి తిట్టాను. బోరునీళ్ళ సీసా చంకన పెట్టుకొని నేను ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. ఒకసారి ఒక పెద్ద మీటింగులో వేదిక మీదున్న వాళ్ళందరికీ గ్లాసుల్లో మా నీళ్ళు పోసి, "మీరు తలా ఒక గ్లాసు తాగుండ్రి, నేను ఇంటికి పోత" అన్నాను. ఎవ్వరూ తాగలేదు. నేనూ ఇంటికి పోలేదు.

ఇదంతా నా నడుం కోసమనుకోకండి. నా నడుం ఎప్పుడో పోయింది. ఇది లౌక్య కోసం. నా కొడుకు బిడ్డ, ఆరేళ్ళది. కొడుకూ కోడలూ పొద్దున్నే పనికి పోతే పిల్ల నా దగ్గరే. ఆ ఏడు దాని కాళ్ళు బయటికి వంగడం మొదలుపెట్టాయి. పాదాలు దగ్గర పెట్టి నిలబడితే రెండు మోకాళ్ళ మధ్య కొబ్బరికాయ పట్టేది. అది ఒక ఆటనుకొని నిజంగానే కొబ్బరికాయ తెచ్చి పెట్టుకొని, "చూడు నానమ్మా, పడట్లే" అని నవ్వేది. ఎముక ఇంకా లేతగా ఉందని, విషం ఇప్పుడు ఆగితే కాళ్ళు వాటంతటవే సరవుతాయని, రెండేళ్ళు ఆలస్యమైతే అలాగే గట్టిపడిపోతాయని డాక్టరు చెప్పాడు.

సరిగ్గా ఆ ఏడే ఎస్తేరమ్మ వచ్చింది.

*

డాక్టర్ ఎస్తేరు సూక్ష్మజీవుల శాస్త్రవేత్త. తెనాలి దిక్కు మనిషి. సన్నగా, ఎప్పుడూ ఏదో మరిచిపోయినట్టు ఉంటుంది. మా ఊళ్ళో మూతబడిన పాలకేంద్రం గదిని బాగుచేయించి అందులో రెండు ఫ్రిజ్జులు, గాజు సామాను పెట్టుకుంది. పెట్టుకున్న మర్నాడే పంచాయతీ ముందు జనాన్ని కూర్చోబెట్టింది. అంటే, నిలబెట్టింది.

ఒక బేసిను నిండా బోరునీళ్ళు పోసింది. అందులో గిన్నెడు పెరుగు వేసింది. "ఎవరైనా చిలకండమ్మా" అని కవ్వం చాపింది.

మా అత్త రామనర్సమ్మ ముందుకొచ్చింది. డెబ్బై దాటిన మనిషి, స్టూలు వేస్తే తప్ప కూర్చోలేదు, కానీ కవ్వం పట్టిందంటే చేతులకు పదహారేళ్ళు. కాసేపటికి వెన్న తేలింది. తెల్లటి వెన్న కాదు. నెమలి మెడ రంగు.

"ఓయమ్మో, సల్ల పాచిపట్టింది!" అంది మా అత్త, కవ్వం వదిలేసి.

"పాచి కాదండీ, అది మీ ఫ్లోరైడు" అంది ఎస్తేరమ్మ. "ఈ తోడులో ఒక సూక్ష్మజీవి ఉంది. నేనే తయారు చేశాను. దానికి ఒంటినిండా నోళ్ళే. ఫ్లోరైడు కనపడితే కరుచుకుంటుంది, కరుచుకోగానే నీలంగా మారుతుంది. చిలికితే వెన్నను పట్టుకొని పైకి వచ్చేస్తుంది. పైది తీసేస్తే కింద చల్లలో ఏమీ ఉండదు."

చుక్కల మందు తీసింది. ఆ చుక్కల పరీక్ష మా ఊళ్ళో చంటిపిల్లకు కూడా తెలుసు. పసుపు వస్తే విషం, గులాబి వస్తే మంచిది. మా ఊరు ఎప్పుడూ పసుపే. ఆమె కిందినుంచి చల్లతేట తీసి, వడగట్టి, ఒక చుక్క వేసింది.

గులాబి.

అందరం ఒక్కసారే మాట్లాడాం.

ఆ జీవికి ఆమె పెట్టిన పేరు రైలుబండంత పొడుగుంది. నోరు తిరగక అందరూ తంటాలు పడుతుంటే, "నీలవేణి అందాం" అంది లౌక్య. అదే ఖాయమైంది.

"ఇక రెండు సంగతులున్నాయి" అంది ఎస్తేరమ్మ. ఆమె గొంతు తగ్గడం చూసి నేను అనుకున్నాను, ఇదుగో, వస్తుంది కొర్రీ. "నీలవేణి పచ్చిపాలలోనే పెరుగుతుంది. కాచిన పాలలో తోడేస్తే ఒక్కపూటకు చచ్చిపోతుంది. రెండేళ్ళుగా చూస్తున్నాను, కాచిన పాలకు లొంగలేదు."

అంతే, మా మరిది సైదులు ఎగిరి గంతేసినంత పనిచేశాడు. సైదులుకు ఎనిమిది బర్రెలు, ఒక ఫోను ఉన్నాయి. బర్రెలు పాలిస్తాయి, ఫోను తెలివిస్తుంది. పాలక్యాన్ల మీద 'పచ్చిపాలే అమృతం' అని రాయించుకొని తిరుగుతాడు.

"నేను చెప్తనే ఉన్న!" అన్నాడు. "పాలను కాస్తే పాణం పోతది. లేగదూడ కాచుకొని తాగుతదా? చెప్పుండ్రి!"

"లేగదూడ పేడల పండుకుంటది. నువ్వు గూడ పో, పండుకో" అన్నాడు కాశయ్య. కాశయ్య ఊళ్ళో ఉత్తరాలు పంచి పంచి రిటైరైనవాడు. ఒకసారి సంతలో కొత్తగా కొన్న ఆవు పాలు పచ్చివి తాగి ఏడాదిపాటు మంచం పట్టాడు. "నాకొచ్చింది జరం గాదురా సైదులూ, ఇల్లరికపు అల్లుడు. పోయిండనుకుంటే మళ్ళ వచ్చి మంచమెక్కేది. కీళ్ళన్ని పట్టేసినయ్. అప్పటికే ఫ్లోరైడు పట్టిన కీళ్ళు, దాని మీద ఇది."

"మా తాత జల్మంత పచ్చిపాలు తాగి తొంభై ఏండ్లు బతికిండు!"

"నీ తాతకు తొమ్మిదిమంది తోడబుట్టినోళ్ళు. అందరు అవే పాలు తాగిండ్రు. వాళ్ళేమైండ్రో అది గూడ చెప్పు."

సైదులు ఫోను వైపు చూశాడు. ఫోనులో దానికి జవాబు లేదు.

"పచ్చిపాలు తాగమని నేను చచ్చినా చెప్పను" అంది ఎస్తేరమ్మ. "తోడు మటుకే పచ్చిపాలలో వెయ్యండి. చిలకండి, నీలం తీసెయ్యండి. ఆ తర్వాత చల్లను తెర్లించి, అప్పుడు తాగండి. జ్వరం పురుగులు చస్తాయి."

"మరి నీలవేణి గూడ సస్తది గద?" అన్నాడు సైదులు.

"చస్తుంది. కానీ చచ్చినా నోరు మూయదు. మీ కడుపులోకి పోయాక కూడా దొరికిన ఫ్లోరైడునల్లా కరుచుకొని బయటికి లాక్కుపోతుంది. ఏళ్ళ తరబడి ఎముకల్లో చేరింది కూడా కొద్దికొద్దిగా వదులుతుంది."

"సచ్చినా నోరు ముయ్యదా? అచ్చం మా వదినె లెక్కనే" అన్నాడు సైదులు. ఊరు ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను, తర్వాత వాణ్ణి తిట్టాను.

అయినా ఆ తగువు అక్కడితో పోలేదు. పచ్చిపాల జట్టు, కాగినపాల జట్టు అని ఊరు రెండయింది. పొద్దున చెరొక మూల, సాయంత్రం పంచాయతీ ముందు. కాచితే సత్తువ పోతుందని వీళ్ళు, కాచకపోతే మనిషే పోతాడని వాళ్ళు. నాకు విసుగెత్తింది. సభలో వాదించి మనిషిని మార్చడం అయ్యే పని కాదు, గోడ పట్టాలి. ఎర్రరంగు డబ్బా కొనుక్కొచ్చి ఊరి నడిమి గోడ మీద బారెడేసి అక్షరాలతో రాయించాను.

కాచితే విషం లేదు!

ఇంటింటి పిల్లకు అది పాటయింది. మూడు మాటలు. మూడు మాటల కన్నా పొడుగైన నినాదం పనికిరాదని నా సిద్ధాంతం. ఈ సిద్ధాంతం గురించి తర్వాత చెప్తాను.

ఇక ఎస్తేరమ్మ చెప్పిన రెండో సంగతి. అది మా అత్తే అడిగింది.

"మరి తీసిన ఎన్న ఏం జెయ్యాలె?"

"నా గది ముందు డ్రమ్ము పెడతాను, అందులో వెయ్యండి. నేను పారేయిస్తాను. ఊరి విషమంతా దాంట్లోనే ఉంటుంది కదండీ."

ఆడవాళ్ళందరూ చప్పబడిపోయారు. పచ్చిపాల మీద అంత గొడవ పడినవాళ్ళు దీనికి గొడవ కూడా పడలేదు. అందులోనే నేను గ్రహించాల్సింది.

"ఎన్న పారబొయ్యాల్నా?" అంది మా అత్త మెల్లగా. "పాలు పొంగిపోతేనే పొయ్యికి దండం పెట్టుకునేటోళ్ళం. ఎన్న పారబోస్తే బర్రె ఊకుంటదా?"

*

మొదలుపెట్టాం.

తెల్లవారితే ఊరంతా కవ్వాల చప్పుడు. ఏ వీధిలోకి పోయినా గుర్రుగుర్రుమని. ఇంటింటా కాచిన పలుచటి చల్ల, అందులో అల్లం, కరివేపాకు, ఇంత ఉప్పు. దాహమైతే అదే, అన్నంలో అదే, చుట్టం వస్తే అదే. మొదట్లో మొహం తిప్పుకున్నవాళ్ళు తర్వాత పందెం వేసుకొని తాగారు. సైదులు పంట పండింది. ఊరంతా పచ్చిపాలే కొనే రోజు వచ్చింది, కానీ కొన్నవాళ్ళెవరూ పచ్చిగా తాగట్లేదు. "నేను గెలిచిన్నా, ఓడిన్నా?" అని కాశయ్యనే అడిగాడు. "నీ బర్రెలు గెలిచినయ్" అన్నాడు కాశయ్య.

వానాకాలం పోయి చలి దిగేసరికి వింతలు మొదలయ్యాయి. కాశయ్య అరుగు మీద నిలబడి ఉండగా వెనక కాకి అరిచింది. మనిషి తిరగలేదు, తల తిరిగింది. ఆయన అలా మెడ తిప్పి ఆ కాకిని చూస్తూనే ఉండిపోయాడు. ఆ కాకి సిగ్గుపడి ఎగిరిపోయి ఉంటుంది. మా అత్త స్టూలు మీద నుంచి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచింది. లేచి, మళ్ళీ కూర్చొని, మళ్ళీ లేచింది.

లౌక్య మోకాళ్ళ మధ్య కొబ్బరికాయ పట్టడం మానేసింది. దాని బదులు బత్తాయి పెట్టుకొని గెంతేది. నాకు నిద్రలో కూడా ఆ బత్తాయే కనపడేది.

గదిలో ఎస్తేరమ్మ మటుకు సంతోషంగా లేదు. నేను పోయేసరికి డ్రమ్ములోకి తొంగిచూస్తూ నిలబడి ఉండేది.

"ఆండాలు గారూ, వెన్న తగ్గిపోతోంది. ఇంత ఊరు చిలుకుతుంటే డ్రమ్ములో ఇంతేనా? నీలవేణి నీరసపడుతోందేమోనని భయంగా ఉంది."

"మనుషులు బాగయితనే ఉన్నరు గద."

"అదే నాకు అర్థం కావట్లేదు."

రోజూ కొత్త గాజుపళ్ళెంలో కొత్త తోడు వేసి, సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టి, తప్పు తన చేతిలోనే ఉందని వెతుక్కునేది. అన్నం తినడం కూడా మరిచిపోయేది. తప్పు అక్కడ లేదు. తప్పు మా వంటింట్లో, పొయ్యి మీద, సన్నటి సెగకు కాగుతూ ఉంది.

*

ఒక ఆదివారం మధ్యాహ్నం. నేను ఆ గదిలోనే ఉన్నాను. సైదులు బండి గుమ్మంలోకే తోలుకొచ్చాడు. ముందు లౌక్య, వెనక మా అత్త. పిల్ల కడుపు పట్టుకొని మెలికలు తిరుగుతోంది. నోటివెంట చొంగ కారుతోంది.

"ఏం తిన్నదమ్మా?" అని ఎస్తేరమ్మ అడిగింది.

"బువ్వనే. మామిడికాయ తొక్కు, నెయ్యి."

"ఏ నెయ్యి?"

మా అత్త కొంగుతో పిల్ల మూతి తుడుస్తోంది.

"అత్తా, ఏ నెయ్యి?" అని నేను అరిచాను.

"అరుస్తవేందే!" అని ఆమె నాకన్నా గట్టిగా అరిచింది. "నీలం ఎన్ననే. కాచిన. నిప్పు మీద పెట్టంగనే నీలమంత అడుగుకు దిగింది, పైన బంగారమసొంటి నెయ్యి వచ్చింది. నాలుగుసార్లు కాచిన. కాచితే విషం లేదని గోడ మీద నువ్వే రాపిస్తివి గదనే!"

చచ్చినా మూతపడదన్న నోరు, అప్పుడు మూతపడింది.

"పాలు!" అని కేకేసింది ఎస్తేరమ్మ. ఎప్పుడూ ఏదో మరిచిపోయినట్టుండే మనిషి అప్పుడు ఏదీ మరిచిపోలేదు. అంబులెన్సుకు ఫోను చేస్తూనే, "కాచిన పాలు ఎవరింట్లో ఉన్నా పట్టుకురండి" అంది. సైదులు వీధంతా అరుచుకుంటూ పోయాడు, "కాచిన పాలు! కాచిన పాలు!" అని. వాడి నోట ఆ మాట వినడం అదే మొదలు. చెంబులతో, గిన్నెలతో జనం ఉరికొచ్చారు. ఉరికొచ్చారు అని రాస్తున్నాను. మా ఊరివాళ్ళు ఉరకడం ఎన్నేళ్ళకో. ఆ గాభరాలో అది ఎవరూ గమనించలేదు.

గుక్కెడు గుక్కెడు పట్టించాం. కక్కింది, మళ్ళీ పట్టించాం. ఆసుపత్రిలో చేతికి సూది గుచ్చి కాల్షియం ఎక్కించారు. పొద్దు వాలుతుండగా పిల్ల కళ్ళు తెరిచి, "నా బత్తాయి ఏది?" అంది.

అప్పుడు ఏడ్చాను. ముందు ఏడవలేదు.

*

కొడుకూ కోడలూ లోపల పిల్ల దగ్గరుంటే, ఆసుపత్రి వరండాలో ముగ్గురం ఆడవాళ్ళం ఉన్నాం. తర్వాత కనుక్కుంటే తేలింది, ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ నెయ్యి జాడీ ఉంది. అందరూ దాచారు. కొందరు బిడ్డ పెళ్ళికని, కొందరు బాలింతకని. మా అత్త మటుకు దాచలేదు, మునిమనవరాలికి గరిటెడు పోసింది. ప్రేమ ఎక్కువైతే వచ్చే కష్టం ఇదే.

"జ్వరం పురుగుకు ప్రాణముంది, కాస్తే చస్తుంది" అంది ఎస్తేరమ్మ. "ఫ్లోరైడుకు ప్రాణం లేదు. కాస్తే చావదు, చిక్కబడుతుంది. నెయ్యి కాగే వేడికి నీలవేణి పట్టు వదిలేసి అడుగుకు దిగింది, అది వదిలిన ఫ్లోరైడంతా పైన నెయ్యిలోనే ఉండిపోయింది. నేను ఈ మాట మొదటిరోజే చెప్పాల్సింది. వెన్న పారేయమన్నాను, ఎందుకో విడమర్చలేదు. మీరంతా పారేస్తారనుకున్నాను."

"నేను మూడు మాటల్ల చెప్పిన" అన్నాను. "నాలుగో మాట లేదు."

"ఇది పైవాళ్ళకు రాయాలండీ. దాచడం నావల్ల కాదు. ఆపేస్తారు."

"ఆపితే పిల్ల కాళ్ళు?"

నాకు తిట్టాలనిపించింది, ఎవర్ని తిట్టాలో తెలియలేదు. ఇన్నేళ్ళలో అలా ఎన్నడూ కాలేదు. ఎప్పుడూ ఎవడో ఒకడు దొరికేవాడు.

మా అత్త మూలన బల్ల మీద కూర్చొని తమలపాకుకు సున్నం రాసుకుంటోంది. పొద్దుటినుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టని మనిషి.

"ఆ సూదిల ఏం మందు ఎక్కిచ్చిండ్రు బిడ్డా?" అని అడిగింది ఎస్తేరమ్మను.

"కాల్షియం అమ్మా. మీ చేతిలో ఉన్న సున్నంలో ఉండేదే. పాలలోనూ ఉంటుంది. ఫ్లోరైడు ఎక్కడ తిరుగుతున్నా సరే, దీన్ని చూస్తే పోయి అతుక్కుంటుంది. రెండూ కలిసి రాయైపోతాయి. ఆ రాయి నీళ్ళలో కరగదు, ఒంటికి పట్టదు."

మా అత్త వేలి మీద సున్నాన్ని అలాగే చూసింది.

"అయితే ఆ ఎన్నను సున్నంల కలుపరాదు?"

"కలిపి?"

"గోడకు కొడుదం. ఎట్లనో నీలిమందు కొని సున్నంల కలుపుతనే ఉంటిమి." మళ్ళీ ఆగి, భయంభయంగా అడిగింది. "మనిషి తినొద్దంటివి. ఇల్లు తినొచ్చునా?"

ఎస్తేరమ్మ లేచి నిలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. మా అత్తను కావలించుకుంది. తమలపాకు కింద పడింది. నేను వంగి తీసి ఇచ్చాను.

ముగ్గురం ఆ ఆకును చూశాం, నా నడుమును చూశాం. "నువ్వు వంగినవే!" అంది మా అత్త.

*

అంత సులువుగా కాలేదు. మొదట కలిపితే పెరుగువడల్లా ఉండలు కట్టింది. గోడకు కొడితే ఉండలన్నీ సైదులు మీద పడ్డాయి. వాడు కృష్ణుడి వేషంలా తయారయ్యాడు. చల్లటి సున్నంలో కాదు, రాతిసున్నం మీద నీళ్ళు పోయగానే బుసబుసమని ఉడుకుతుంది చూడండి, ఆ ఉడుకులోనే వెన్న వెయ్యాలని నాలుగైదు తప్పుల తర్వాత ఎస్తేరమ్మ తేల్చింది. అప్పుడు సమంగా కలిసి పోయింది. పైగా కొవ్వు కలిసినందువల్ల వాన తగిలినా జారలేదు.

పాలకేంద్రం గోడకు ముందు కొట్టాం. ఎండాక బిందెలకొద్దీ నీళ్ళు దాని మీద పోసి, కిందికి కారినవి పట్టి, చుక్క వేసింది. గులాబి. మూడు వానల తర్వాత మళ్ళీ వేసింది. గులాబి.

అన్నీ కలిపి, లౌక్య సంగతి కూడా దాచకుండా, పైవాళ్ళకు రాసింది. విచారణకు ముగ్గురు వచ్చారు. వాళ్ళలో కళ్ళజోడు పెద్దాయన సభలో అడిగాడు, "దీన్ని మాత్రం ఎవరూ తినరని నమ్మకమేంటి?"

"ఇంత సున్నం తింటే నాలుక కాల్తది సారూ, మేమేమన్న పిచ్చోళ్ళమా?" అన్నాడు సైదులు.

"నెయ్యి తిన్నారుగా."

"అది నెయ్యి సార్" అన్నాడు కాశయ్య. "నెయ్యి ముందల పెట్టి మనిషిని పరీక్ష చెయ్యొద్దు."

కళ్ళజోడాయన నవ్వాపుకోలేకపోయాడు. నేను లేచాను. ఈసారి మూడు మాటలు చెప్పలేదు. పురుగు వేరు, రాయి వేరు, దేన్ని కాయాలి, దేన్ని కాయకూడదు, దేన్ని సున్నానికి పెట్టాలి, అంతా విడమర్చి చెప్పాను. చాలా సేపు పట్టింది. ఒకరిద్దరు ఆవులించారు. ఆవులించనివ్వండి. ఆవులించినా వింటే చాలు. చివర లౌక్యను ముందుకు పిలిచాను. అది వచ్చి పాదాలు దగ్గర పెట్టి నిలబడి, మోకాళ్ళ మధ్య నిమ్మకాయ పెట్టుకొని ఆ ముగ్గురికీ దండం పెట్టింది.

నీలవేణిని ఆపలేదు. ఒక షరతు పెట్టారు, ఏ ఇంటి వెన్న ఆ ఇంటివాళ్ళు అందరి ఎదుట సున్నపు గుంటలో వెయ్యాలని. సరేనన్నాం.

*

ఊరికి రంగు వేసిన రోజు చెప్తాను, దాంతో అయిపోతుంది.

పంచాయతీ ముందు పెద్ద గుంటలో సున్నం ఉడుకుతోంది, ఇంటింటి నీలం వెన్న అప్పటికే అందులో పడింది. ఆడవాళ్ళు వరసకట్టి నెయ్యి జాడీలు తెచ్చారు. బిడ్డ పెళ్ళికి దాచినది, బాలింతకు దాచినది, అన్నీ పోశారు. బంగారంలాంటి నెయ్యి. వాసనకు ఊరి కుక్కలన్నీ వచ్చి నిలబడ్డాయి. అందరికన్నా చివర మా అత్త. జాడీ మూత తీసి, ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకొని, కళ్ళు మూసుకుంది. తర్వాత గుంటలోకి వంచింది, చుక్క కూడా మిగలకుండా, వేలితో జాడీ అంచు తుడిచి మరీ. అలవాటుకొద్దీ ఆ వేలు నోటి దగ్గరికి పోయింది.

"అత్తా!"

"తెలుసే!" అని వేలు సున్నానికే తుడిచింది.

కుంచెలు పట్టుకొని ఊరు వీధిలో పడింది. ఇంటి తర్వాత ఇల్లు నీలంగా మారుతోంది. మా ఎముకల్లోకి పోవాల్సిందంతా గోడల మీదికెక్కి వెలుగుతోంది. కాశయ్య అటూ ఇటూ మెడ తిప్పి చూస్తున్నాడు, పనున్నా లేకున్నా. పిల్లలు బర్రె కొమ్ములకు కూడా కొట్టారు. సైదులు ఒకళ్ళ చెవులు పిండి, రెండో కొమ్ము తానే కొట్టాడు, ఒక్కటే ఉంటే బాగోలేదని.

నడిమి గోడ దగ్గరికి వచ్చాం. ఎర్రటి బారెడక్షరాలు. కాచితే విషం లేదు!

"వదినె, దీని మీద గూడ కొట్టాల్నా?" అన్నాడు సైదులు, కుంచె ఎత్తి పట్టుకొని.

"కొట్టు. సగమే నిజం."

"మిగతా సగం రాపిస్తవా?"

"గోడ సాలదు. మనుషులకే చెప్పుకుంట."

వాడు పైనుంచి, నేను మధ్యనుంచి కొడుతూ వచ్చాం. అక్షరాలు ఒక్కొక్కటే మునిగిపోయాయి. నా కుంచె నడుం దగ్గరికి వచ్చి ఆగింది. చేతికి అలవాటు. దానికి తెలిసిన గోడ అక్కడిదాకే.

"నానమ్మా, మరి కింద?" అంది లౌక్య.

గోడ పట్టుకున్నాను. మోకాళ్ళు మడిచాను. ఒళ్ళంతా పేలాల్లా పటపటమంది. ఇంకా కొంచెం, ఇంకా కొంచెం. మడమల మీద కూర్చున్నాను. నా కొడుకు చిన్నప్పుడు కూర్చున్నానేమో అలాగ. కింద నేల ఇంత దగ్గరగా ఉంటుందని మరిచేపోయాను. చీమలు పోతున్నాయి. ఎండు గడ్డిపరక ఒకటి లాక్కుంటూ.

ఊరు కుంచెలాపి చూస్తోంది.

"ఏం సూస్తున్నరు, సినిమానా? మీ గోడలకు కింద లేదా?" అన్నాను.

ఒకరి తర్వాత ఒకరు గోడలు పట్టుకొని కిందికి దిగారు. అమ్మా అనేవాళ్ళు, నవ్వేవాళ్ళు, దిగి లేవలేక లేపండ్రా అని అరిచేవాళ్ళు. వీధి పొడుగునా వరసగా కూర్చున్నారు, బంతిలో కూర్చున్నట్టు. ఎస్తేరమ్మ పాలకేంద్రం మెట్టు మీద నిలబడి చూస్తోంది. ఆమె కుంచె నుంచి నీలం కారి చెప్పుల మీద పడుతోంది, అది ఆమెకు తెలియదు.

నేను మట్టి మీద మొదటి పట్టీ కొట్టాను. పొడిమట్టి, ఎన్నేళ్ళ దాహంతో ఉందో, ఒక్క గుక్కలో తాగేసింది. మళ్ళీ కొట్టాను.

పొద్దుగూకుతుండగా మా అత్త వచ్చి నెత్తిన నిలబడింది.

"ఇగ లెవ్వే. సల్ల కాచిన, తాగుదువు రా."

"నువ్వు పో అత్తా" అన్నాను. "కింద ఇంక జానెడు ఉన్నది."